అయిదు వేళ్ల కోక

అరచెయ్యా? తెల్లబట్ట ఆరేసే ముందు దాని మీద అరచెయ్యి ఎందుకు పెడతామనా అడిగినావు? ఓలమ్మ, ఇన్నాళ్లకి అడిగినావే గుంటా. ఉండు, ఫోను సెవికాడ పెట్టుకోనీ. ఇనబడతన్నాదా? ఆఁ.

అది ఆసిరమ్మ సెయ్యి అనుకుంటారు అందరూ. కాదు. ఇను.

అనగా అనగా ఒక ఏరు. ఏటికి ఒక రేవు. రేవుకి ఒక బండ. ఆ బండకాడ ఒక ఆసిరమ్మ. మీకందరికీ కత. నాకు అప్ప, తోడబుట్టినది.

ఏటికి అవతల గట్టున ఆసుపత్రి. ఆసుపత్రి నిండా తెల్లకోకల నర్సమ్మలు. ఆ కోకలన్నీ ఆసిరమ్మే ఉతికేది. కొంగలు సూసి సిగ్గుపడాల, అలాగుండేవి. నెత్తుటి మరకకి సన్నీళ్లు పోసేది. మందు మరకకి సౌడుమట్టి పట్టించి, బాన మీద ఆవిరికి పెట్టి ఉబ్బేసేది. దేనికీ నొంగని మరకుంటే ఇసక మీద పరిసేసి, "సేత్తో కానిది సూరీడు సేస్తాడు" అనేది.

ఆ నర్సమ్మల్లో కాసులమ్మ అని ఒక పిల్ల. సముద్రం ఒడ్డు పల్లెలోది. ఆ పల్లెలో తెల్లకోక కట్టి ఆసుపత్రిలో అడుగెట్టినది అదే మొదలు. సదువు అయినాక పెద్ద డాక్టరమ్మ అందర్నీ వరసలో నిలబెట్టి తల మీద తెల్లటోపీ పెడతాది. కోక మీద సుక్క మరకున్నా వరసలోంచి తీసేస్తాది. ఇంక మళ్లీ ఏడాదికే. కాసులమ్మకి మళ్లీ ఏడాది ఎక్కడిదీ? "ఈపాలి టోపీ నేకపోతే సేపల గంప ఎత్తుకో" అనేసినాడు ఆళ్లయ్య.

టోపీ రోజు దగ్గరకొచ్చినాదని ఆళ్లమ్మ పల్లెనుంచి ఒచ్చినాది. అమ్మోరికి పసుపు పూసినాది. ఆ సేత్తోనే "నా తల్లే, నా బంగారమే" అని కూతుర్ని వాటేసుకున్నాది. ఈపు మీద కోకకి అయిదు వేళ్లూ అంటుకున్నాయి. ఈపు కదా, పిల్ల సూసుకోనేదు. ఆ కోకే ఆసిరమ్మకి ఏసే మూటలో పడేసినాది.

అప్పటికే ఆసిరమ్మ కళ్లకి పొర కమ్మినాది. ఎవురికీ సెప్పనేదు. ఎరుపు కనబడేది, నలుపు కనబడేది. పసుపు కనబడేది కాదు. పసుపుకి సౌడు తగిలితే ఏటవుద్దో రేవులో పుట్టిన బుడత గుంటకయినా తెలుసు. కనబడకపోతే ఏటి సేస్తాది? సౌడులో ముంచేసినాది. ఉబ్బేసేసినాది.

తీసి సూస్తే ఏటున్నాదీ? తెల్లకోక మీద ఎర్రటి సెయ్యి!

"ఓలప్పా! ఎవుర్ని సంపేసి ఒచ్చినాదే ఈ నర్సమ్మ!" అని రేవులో బావలు నవ్వినారు. ఆసిరమ్మ నవ్వనేదు. కోక కళ్లకాడికి తెచ్చుకున్నాది. ఎరుపు కదా, కనబడ్డాది.

కబురు తెలిసి తల్లీ కూతురూ పరిగెట్టుకొచ్చినారు. పొద్దు పొడిస్తే టోపీ. ఇంకో మంచి కోక నేదు. తల్లి ఆ మరక మీద సెయ్యి ఆనించినాది. కొలిసినట్టు సరిపోనాది.

"నా సెయ్యేనే! నా సెయ్యే నా పిల్ల నోట్లో మన్నుకొట్టినాది!" అని సెయ్యి తీసుకెల్లి బండకేసి కొట్టుకున్నాది.

ఆసిరమ్మ ఆ సెయ్యి పట్టుకున్నాది. "ఊరుకో పిచ్చి మొగమా. బండని ఇరగ్గొట్టేస్తావేటి? అది నాకు కూడు పెట్టే బండ. తప్పు నీ సేతిది కాదు. నా కంటిది."

ముందు నీళ్లలో జాడించినాది. ఎరుపు కదల్నేదు. తరవాత నిమ్మకాయ పిండినాది. ఎరుపు పోనాది, మళ్లీ పసుపొచ్చి కూకున్నాది.

"ఇంకేటప్పా?" అన్నాది కాసులమ్మ.

"సేత్తో కానిది సూరీడు సేస్తాడు."

"సూరీడేడప్పా?"

ఆషాడమాసం. ఆకాశం నిండా మబ్బు. ఎక్కడో ఒక సిన్న సిల్లులోంచి జానెడు ఎండ పడతన్నాది. అది ఒక్కకాడ నిలబడదు. ఇప్పుడిక్కడ, ఇప్పుడక్కడ.

ఆసిరమ్మ తడికోక తల మీద పరుసుకున్నాది. రెండు సేతులా అంచులు పట్టుకున్నాది. ఎండ ఎటెల్తే అటు నడిసినాది. ఇంక పరిసి కూకుంటే అవదు కదా.

ఎండ ఇసకదిబ్బకెల్లినాది. ఎనకాల ఆసిరమ్మ. రెండు వేళ్లు పోనాయి.

ఎండ నువ్వుసేనుకెల్లినాది. ఎనకాల ఆసిరమ్మ. ఇంకో రెండు వేళ్లు పోనాయి.

ఎండ కొండెక్కినాది. ఎనకాల ఆసిరమ్మ. బొటనవేలు పోనేదు.

కోక ఆరిపోతే మరక కదలదని ఎనకాలే నాను కుండతో నీళ్లు సల్లతన్నాను. దాని తలమీంచి, జబ్బలమీంచి నీళ్లు కారతన్నాయి. దగ్గతానే నడస్తన్నాది.

"అప్పా, సచ్చిపోతావే. కూకో."

"ఎండ కూకున్నాదేటే, నాను కూకోడానికి?"

"వేలొక్కటే కదా, మడతలోకి పోద్దిలే."

"పోద్ది. ఆ పిల్ల గుండెల్లోంచి పోదు. నడు, నీళ్లు సల్లు."

కొండమీద బండకాడ ఎండ ఒక్క రవ్వ నిలబడ్డాది. ఆసిరమ్మా నిలబడ్డాది. ఎండ పోనాక దిగినాది.

ఇంటికొచ్చి నీలి పెట్టినాది. గంజి పెట్టినాది. నిప్పులేసి ఇస్త్రీ సేసినాది. మడత తీసుకెల్లి కాసులమ్మ సేతిలో పెట్టి, "సూడే తల్లీ. బొటనవేలు పోనాదా? నాకు పసుపు కనబడదు" అన్నాది.

కాసులమ్మ ఇప్పి సూసినాది. ఆళ్లమ్మ సూసినాది. "పోనాదప్పా" అన్నారు ఇద్దరూ.

అందుకే గుంటా, ఇప్పటికీ మా రేవుల్లో తెల్లబట్ట ఆరేసే ముందు అరచెయ్యి ఆనిస్తారు. అది కాసులమ్మ తల్లి సెయ్యి. ఆనించి, "ఆసిరమ్మా, ఎండెక్కడున్నాదే?" అని అడుగుతారు. మబ్బు రోజు జానెడు ఎండ నేల మీద పరిగెడితే పిల్లలు "అదిగో ఆసిరమ్మ ఎల్తన్నాది" అని ఎనకాల పరిగెడతారు.

కాసులమ్మా? పెట్టినారు. టోపీ పెట్టినారు. ఆ టోపీతోనే, ఆ కోకతోనే ఏరు దాటి పరిగెట్టుకొచ్చినాది, సూపిద్దామని.

ఏటీ? ఆసిరమ్మ సూసినాదా?

నేదమ్మా. ముందునాడు ఇస్త్రీ కోక ఇచ్చి ఒచ్చినాక అంబలి ఒద్దన్నాది. సలేస్తన్నాదన్నాది. నా దుప్పటి కూడా కప్పినాను. తెల్లారేసరికి మా అప్ప నేదు.