ఎర్రపెట్ట రొమ్ము ఈకలు

ఒకప్పుడు కోళ్లకి పొదగడమంటే ఏమిటో తెలియదు. గుడ్డు పెట్టడం, పెట్టానని ఊరంతా వినబడేలా అరవడం, ఆ తర్వాత పురుగుల వేటకి పోవడం, అంతే వాటి పని. ఇసక మీద పెట్టిన గుడ్లని ఎండే పొదిగేది. పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చి, తల్లెవరో తెలియక, ముందు కనబడినదాని వెంట పోయేవి. మేక వెంట పోయిన కోడిపిల్లలు కూడా ఉండేవట.

ఆ రోజుల్లో ఒక కొండవాలున పది గుడిసెల ఊరు ఉండేది. ఒక ఏడాది ఆ ఊరి మీద నక్క పడింది. నెల తిరక్కుండా పుంజుల్నీ పెట్టల్నీ ఒక్కొక్కటే ఎత్తుకుపోయింది. చివరికి మిగిలింది ఒక ఎర్రపెట్ట, అది పెట్టిన పన్నెండు గుడ్లు. అవి పిల్లలైతేనే ఆ ఊళ్లో మళ్లీ కోడి కూస్తుంది. లేకపోతే లేదు.

ఊరివాళ్లు కూడబలుక్కుని పెట్టనీ గుడ్లనీ సుక్కమ్మకి అప్పగించారు. సుక్కమ్మ కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల. ఆమె గుడిసెకి గట్టి తలుపు ఉంది. అదొక్కటే ఆమెకున్న అర్హత. పుట్టింట్లో మేకల్ని కాసింది గానీ కోడిని ఎప్పుడూ సాకలేదు. ఆ మాట చెబుదామనుకునేలోపే గంప ఆమె చేతిలోకి వచ్చేసింది.

మర్నాడే ముసురు పట్టింది. సూర్యుడు మబ్బుల వెనక ముసుగుతన్ని పడుకున్నాడు. మూడు రోజులైనా లేవలేదు. గుడ్లు రాళ్లలా చల్లబడ్డాయి. సుక్కమ్మ వెళ్లి పొయ్యిలో నిప్పుని బతిమాలింది. ఉడకబెట్టమంటే ఉడకబెడతాను గానీ పొదగడం నా వల్ల కాదంది నిప్పు. బూడిద సరేనంది గానీ గడియసేపట్లో తనే చల్లారిపోయింది.

నాలుగో రోజు చూస్తే ఎర్రపెట్ట గుడ్ల మీదెక్కి కూర్చుంది. కదలదు, మెదలదు. నూకలు చల్లినా అటు చూడదు. రెక్క కింద చెయ్యి పెడితే ఒళ్లు కాలిపోతోంది. జ్వరమే అనుకుంది సుక్కమ్మ, పాపం. మిరియాల కషాయం కాచి తెచ్చి, పెట్టని ఎత్తబోయింది. పెట్ట ఆమె మణికట్టు మీద ఒక్క పోటు పొడిచింది.

"ఏటే, మందు పోసే సేతినే పొడుస్తావా?" అంది సుక్కమ్మ.

"నాకు జొరం లేదప్పా," అంది పెట్ట. "ఎండ రాలేదు కదా. అందుకే నేను కూకున్నాను."

కోడి గుడ్ల మీద కూర్చోవడం సుక్కమ్మ ఎరగదు, ఆమె ముత్తవ్వా ఎరగదు. కాచిన కషాయం పారబొయ్యలేక తనే తాగేసి, గంప పక్కన చతికిలబడింది.

సాయంత్రం ఒక గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించి చూసింది. చల్లగానే ఉంది. మళ్లీ పెట్ట రెక్క కింద తడిమింది. అక్కడ నిప్పే. మరి ఆ వేడంతా ఎటు పోతోందో ఆమెకి అంతుపట్టలేదు. తను బొంత కప్పుకుని వెచ్చగా ఉంది. బొంత మీద పడుకున్న కుక్కపిల్ల మాత్రం వణుకుతోంది. దాన్ని చూశాక అసలు సంగతి తెలిసింది.

"నీ ఈకలే అడ్డమే," అంది. "నీ వేడిని నీ కాడే ఉంచేస్తన్నాయి."

అన్నాక, ఎందుకన్నానా అని బాధపడింది. ఎర్రపెట్ట రొమ్ము ఈకలంటే ఆ కొండంతా పేరు. పొద్దుటెండలో రాగిచెంబులా మెరిసేవి. రోజుకి నాలుగుసార్లు ముక్కుతో దువ్వుకునేది. నడిచేటప్పుడు కూడా రొమ్ము విరుచుకుని, అందరూ చూస్తున్నారా లేదా అని ఓరకంట చూసుకుంటూ నడిచేది.

పెట్ట మెడ వంచి ముక్కుతో ఒక ఈక పీకింది. ఇంకోటి పీకింది. సుక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ఈ చలికి నువ్వే చచ్చిపోతావంది.

"ఈకలు మళ్లీ ఒత్తే ఒత్తాయి, లేపోతే లేదు," అంది పెట్ట. "గుడ్లలో ఉన్నోళ్లు మాత్రం మళ్లీ రారు."

సుక్కమ్మ చెయ్యి తీసేసింది.

రొమ్ము కింద అరచేయంత మేర ఎర్రటి చర్మం తేలింది. పీకిన ఈకలు గుడ్ల చుట్టూ సర్ది, వట్టి చర్మం గుడ్లకి ఆనించి కూర్చుంది పెట్ట. తెల్లవారి సుక్కమ్మ గుడ్డు తీసి చూస్తే రెప్పకి వెచ్చగా తగిలింది. ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఎంతోమంది తల్లుల్ని చూశాను గానీ ఇలాంటి తల్లిని చూడలేదనుకుంది.

అక్కణ్ణుంచి ఆమె పెట్ట దగ్గరే పని నేర్చుకుంది. రోజుకొక్కసారి గంప పక్కన నూకలూ నీళ్లూ పెట్టేది. పెట్ట దిగి, గబగబా నాలుగు గింజలు మింగి, మళ్లీ ఎక్కేసేది. అన్ని వైపులా వేడి తగలాలని గుడ్లని ముక్కుతో దొర్లించేది. ఒకనాడు ముసురు చాటున నక్క వచ్చి తలుపు గోకింది. పెట్ట ఒళ్లంతా ఉబ్బించి బుస్సుమంది. లోపల పాముందనుకుని నక్క కొండ దిగేదాకా ఆగలేదు.

పెట్ట కూర్చున్న ఇరవయ్యో రోజున మబ్బు విడింది. సూర్యుడు చూరు సందులోంచి తొంగిచూసి మండిపడ్డాడు. "లోకం పుట్టినప్పటినుంచీ పొదగడం నా పని. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు, నువ్వా పొదిగేది? దిగు."

పెట్ట దిగలేదు. సుక్కమ్మ లేచి నిలబడింది.

"ఇన్నాళ్లూ నువ్వు లేవు బాబూ, ఇది ఉంది," అంది. "దీని రొమ్ము సూసి మాటాడు."

సూర్యుడు చూశాడు. ఆ రోజుకి చూరు సందులోంచి తప్పుకున్నాడు.

మర్నాడు పెంకులు చిట్లాయి. పదకొండు పిల్లలు బయటికి వచ్చాయి. పన్నెండో గుడ్డు పగల్లేదు. దాని మీద పెట్ట ఇంకో పూట కూర్చుని చూసింది, ఆ తర్వాతే వదిలింది. సూర్యుడు పిల్లల కోసం గడప దగ్గర వెచ్చటి ఎండ పరిచి పిలిచాడు. అవి ఎండకేసి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, తల్లి వట్టి రొమ్ము కిందకి దూరిపోయాయి.

సూర్యుడు ఇక ఒప్పుకున్నాడు. పొదగడం నీదేనన్నాడు. నీ ఈకలు వెనకటికన్నా ఒత్తుగా మొలిపిస్తాను, తీసుకో అన్నాడు.

"ఇప్పుడొద్దు," అంది పెట్ట. "పిల్లలు పెద్దయ్యాక ఇయ్యి. మళ్లీ గుడ్ల మీద కూకున్ననాడు తీసేసుకో."

అప్పటినుంచే పొదిగే పెట్టకి రొమ్ము ఈకలు రాలిపోతాయి, పిల్లలు పెద్దవయ్యాక మళ్లీ మొలుస్తాయి. అప్పటినుంచే ఎంత మచ్చికైన పెట్టయినా పొదుగుతుండగా చెయ్యి పెడితే పొడుస్తుంది. పొడిస్తే కోప్పడకండి. ఆ ఈకల్లేని చోటికే, చినుకు పడగానే, పిల్లలన్నీ పరుగెత్తుకొచ్చి ఒదుగుతాయి.