లోపల గుడ్డ లేని గుండె

పందెం కాయి. ఊళ్ళో సగం మంది నడుం కొలిచినవాడు తన నడుం ఒక్కసారి కూడా కొలుచుకోలేదంటే నమ్ముతావా? నమ్మవు. ఆయన మా తాత కాకపోయుంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

తణుకు మార్కెట్ వెనక సందులో త్రిమూర్తులు అనే దర్జీ ఉండేవాడు, చేతిలో పని బంగారం, నోట్లో మాట తేనె, కానీ తన పొట్ట సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం చెవుడు. ఆయనే మా తాత. ఉండేవాడు ఏంటి, ఇప్పటికీ ఉన్నాడు. కథ కదా అని అలా అన్నా.

తాతకి ఒక పద్ధతి ఉండేది. ఎవరికి ప్యాంటు కుట్టినా నడుం దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచేవాడు. "రేపు లావైతే కుట్టు విప్పుకుంటే చాలు, కొత్తది అక్కర్లేదు" అనేవాడు. అందుకే జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. తన ప్యాంట్లకైతే ఏకంగా నాలుగంగుళాలు ఉంచుకునేవాడు. ప్రతి దీపావళికీ ఒక కుట్టు విప్పేవాడు. ప్యాంటు ఎప్పుడూ బిగుతయ్యేది కాదు, దాంతో తను లావవుతున్నానని ఆయనకి తెలిసేదే కాదు. కాళ్ళూ చేతులూ చూస్తే పుల్లలు. ఉన్నదంతా పొట్టే.

"ఏవయ్యా, ఆ పొట్టేంటి?" అనేది మా అమ్మమ్మ మంగతాయారు.

"కొవ్వు తాయారూ. పాపం అదేం చేస్తుంది? మూల పెట్టిన గుడ్డ తానులా పడుంటుంది. ఎప్పుడన్నా పనికొస్తుంది."

"దేనికి, దిండులోకా?"

తాత పకపకా నవ్వి మళ్ళీ మిషన్ తొక్కేవాడు. ఆ మిషన్ చప్పుడులో అమ్మమ్మ భోజనానికి రోజుకి నలభై సార్లు పిలిచేది. ఆయన ఒక్కసారీ పలికేవాడు కాదు. "అలవాటైపోయింది బుల్లెమ్మా, ఆవిడ గొంతు చెవిలోకే వెళ్ళట్లేదు" అని నాకు కన్ను కొట్టేవాడు. బుల్లెమ్మ అంటే నేనే. నవ్వకు.

జూన్ వచ్చింది. బళ్ళు తెరిచే రోజులు. నూట ఎనభై జతల యూనిఫాంలు కుట్టాడు తాత. ఆఖరి మూటలు ఆటోలో వేసుకుని మేమిద్దరం బడికి వెళ్ళాం. మూటలు రెండో అంతస్తులో ఇవ్వాలట.

"తాతా, నువ్వుండు, నేను రెండుసార్లు ఎక్కుతా" అన్నా.

"పోవే, నీ వయసులో నేను తాటిచెట్టెక్కా" అన్నాడు.

మొదటి మలుపు ఎక్కాడు. రెండో మలుపు దగ్గర మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"బుల్లెమ్మా, ఛాతీ మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టుంది."

అరిచా. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి ఆటో ఆపాడు. ఆటోలో కూడా తాత "ఆ నీలం జతల మూట పైకి చేర్చారా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఏడుస్తూ తిట్టా. తాతని తిట్టడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో రెండ్రోజులు ఉంచారు. డాక్టర్ సుహాసిని గారు రిపోర్టులన్నీ చూసి, "అదృష్టం బావుంది, గుండెపోటు దాకా రాలేదు. కానీ గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదు. షుగరుంది, బీపీ ఉంది. ఇది హెచ్చరిక" అన్నారు. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నడుం కొలవాలి. నా టేపు ఎక్కడ పెట్టానో" అని డాక్టరమ్మ సొరుగులు వెతికారు.

తాత మెడలో టేపు ఉంది. ఆసుపత్రి మంచం మీద కూడా తియ్యలేదు మహానుభావుడు. మెల్లగా దాన్ని దుప్పటి కింద దాచబోయాడు. నేను లాగేసి ఇచ్చేశా.

"నలభై మూడంగుళాలు" అన్నారు డాక్టరమ్మ.

"ఒక వేలు లూజు తీసెయ్యండి మేడం."

"నేను ప్యాంటు కుట్టట్లేదండీ."

"తీసేస్తే నలభై రెండున్నర" అని గొణిగాడు తాత. తర్వాత అసలు మాట అడిగాడు. "అయినా కొవ్వు మూల పెట్టిన తానులా ఊరికే కూర్చునుంటుంది కదమ్మా? గుండెతో దానికేం పని?"

"అక్కడే పొరపాటు పడ్డారు. కొవ్వు మూలపడ్డ తాను కాదు. అది కూడా పగలూ రాత్రీ నడిచే దుకాణమే. రక్తంలోకి కబుర్లు పంపుతూ ఉంటుంది. వాటినే హార్మోన్లంటాం. ఒకదాని పేరు లెప్టిన్. 'ఒంట్లో సరిపడా ఉంది, ఇక తిండి చాలు' అని మెదడుకి చెబుతుంది. కొవ్వు పెరిగితే ఆ కేకా పెరుగుతుంది. మరీ ఎక్కువైతే మెదడు వినడం మానేస్తుంది."

"నేను పిలిస్తే ఈయన పలకనట్టు!" అంది అమ్మమ్మ.

"అచ్చం అంతే. ఇంకోటి అడిపోనెక్టిన్. అది మీ మిషన్‌కి నూనె లాంటిదనుకోండి. ఒళ్ళు చక్కెరని సరిగ్గా వాడుకునేలా చూస్తుంది, రక్తనాళాల్ని కాపాడుతుంది."

తాత మొహం వెలిగింది. "అయితే కొవ్వు ఎక్కువుంటే నూనె కూడా ఎక్కువే కదా!"

"తిరకాసు అదే. పొట్ట లోపలి కొవ్వు పెరిగేకొద్దీ ఆ నూనె తగ్గుతుంది."

నూనె లేని మిషన్ ఏమవుతుందో తాతకి ఒకరు చెప్పాలా?

వెళ్ళేముందు డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మీ ఆవిడ చెప్పారు, ప్యాంటుకి లోపల గుడ్డ ఉంచుకున్నారు, ఏటా కుట్టు విప్పుకున్నారు. గుండెకి లోపల గుడ్డ ఉండదు త్రిమూర్తులు గారూ."

ఇంటికొచ్చాక తాత తన ఆరు ప్యాంట్లూ ముందేసుకుని, నడుం పట్టీలు తిరగేసి చూశాడు. ఒక్కదాంట్లోనూ గుడ్డ మిగల్లేదు. పోయిన దీపావళికే ఆఖరి కుట్టు విప్పేశాడు. తర్వాత టేపు తీసి, ముప్పై అయిదున్నర దగ్గర ఎర్రదారంతో ఒక ముడి వేశాడు. మగవాళ్ళ నడుం అది దాటకుండా ఉంటే మంచిదని డాక్టరమ్మ చెప్పారు.

ఆ రోజు నుంచి వేళకి మాత్రలు వేసుకున్నాడు. తెల్లారి కాలవ గట్టు మీద నడిచాడు, ముందు మెల్లగా, తర్వాత నేను పరిగెత్తి అందుకునేంత వేగంగా. అన్నం తగ్గించాడు, కూర పెంచాడు. అంతా బుద్ధిగా చేశాడనుకోకు. ఒకసారి గుండీల డబ్బాలో నాలుగు పునుగులు దాచాడు. ఖాకీ గుడ్డకి నూనె మరక అంటితే నేనే పట్టుకున్నా. "గుండీలకి నూనె రాశా" అన్నాడు. మొహం చూడాల్సింది అప్పుడు!

ఇప్పుడు అమ్మమ్మ ఒక్కసారి పిలిస్తే చాలు, మిషన్ ఆగుతుంది. "వస్తున్నా తాయారూ" అంటాడు. మొదటిసారి ఆ మాట విన్న రోజు అమ్మమ్మ గరిట జారవిడిచింది.

మొన్న బడివాళ్ళు ఇంకో ఇరవై జతలు కుట్టించుకున్నారు. అదే మెట్లు. రెండో మలుపు దగ్గర నేను తాత చెయ్యి పట్టుకోబోయా. తాత అక్కడ ఆగాడు. నావైపు తిరిగి, "ఏంటే, ఆయాసమా?" అని నన్నే అడిగి, పైకి ఎక్కేశాడు.

రేపే దీపావళి. ఈసారి తాత ప్యాంటు కుట్టు విప్పడం లేదు, బిగిస్తున్నాడు. అందుకే పొద్దున్నుంచీ ఇంట్లో హడావిడి. సరే, నీతి చెప్పేస్తా విను: పెరిగే పొట్టని దర్జీ కుట్టు దాచగలదు గానీ గుండెని కాపాడలేదు, కాబట్టి ఒళ్ళు పంపే కబురు చిన్నగా ఉన్నప్పుడే విని నడుం వంచాలి, అది కేకయ్యేదాకా ఆగితే వినే చెవి ఉండదు. ఇంకా ఏంటంటే మా తాత

"బుల్లెమ్మా! ఆ ఫోను పడేసి రావే, టేపు పట్టుకో! వేలు లూజు పెట్టకుండా కొలవాలి!"

పోతున్నా