కంచం ఖాళీ చేసిన వరహాలు

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి వెళ్ళి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, వరహాలు అనే ఆవిడ ఉండేది. రాజకుమారి కాదు, మంత్రగత్తె కాదు. లేసు అల్లుకునే మనిషి. కళ్ళజోడు ఉంది, నడుంనొప్పి ఉంది, నోరు కూడా కాస్త ఉంది. దుప్పటంతా నీ వైపే లాక్కోకు. ఊఁ కొట్టు.

ఒకసారి వరహాలు హైదరాబాదులో చేతిపనుల సంతకి వెళ్ళింది. పక్క స్టాల్లో లోసా అనే అమ్మాయి చెవి మీద ఎర్ర మందారం పెట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయిది పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఒక చిన్న దీవి. హైదరాబాదులో చదువుకుంటూ తెలుగు నేర్చుకుంది. ఆమె దగ్గర ఒక చాప ఉంది. చాపంటే మనం నేల మీద పరుచుకునే తుంగచాప కాదు. మొగలాకుని దారమంత సన్నగా చీల్చి నేసిన చాప. మడత పెడితే పట్టుచీరలా మడత పడింది.

వరహాలు దాన్ని వేళ్ళతో తడిమింది. తడిమి ఇక చెయ్యి తియ్యలేకపోయింది.

"దీన్ని అమ్ముతావా అమ్మాయ్?" అంది.

"ఇది అమ్మేది కాదండీ. పెళ్ళిలో ఇస్తాం, చావులో ఇస్తాం. మీరంతా చూస్తారని తెచ్చాను, అంతే."

"పోనీ నేర్పుతావా?"

"నాకే సరిగ్గా రాదు. మా మామ్మకి వచ్చు. ఎవరికి నేర్పాలో ఆవిడే చెబుతుంది. రండి, అడిగి చూడండి."

రమ్మన్నాక వరహాలు ఆగుతుందా? లోసా వెంట బయల్దేరింది. మూడు విమానాలు, ఒక పడవ. పడవ దిగేసరికి ఆవిడ మొహం చామాకులా పచ్చబడిపోయింది. ఆ పడవ మళ్ళీ పన్నెండో రోజుకి గాని రాదు.

ఆ దీవిలో ఇళ్ళకి గోడలే లేవు. చుట్టూ స్తంభాలు, పైన ఆకుల కప్పు. వాన జల్లు కొడితే చుట్టి పెట్టిన చాపల్ని కిందికి దించుకుంటారు. ఎవరింట్లో ఎవరు ఏం తింటున్నారో ఊరందరికీ కనిపిస్తుంది. ఊరి మధ్యలో చాపల ఇల్లు ఉంది. అందులో పది మంది ఆడవాళ్ళు కూర్చుని నేస్తారు. ఆ పది మందికీ పెద్ద లోసా వాళ్ళ మామ్మ. ఆవిడ పేరు మాసినా.

మాసినా వరహాలు చేతులు పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఈవిడ మాట వాళ్ళకి, వాళ్ళ మాట ఈవిడకి లోసాయే చెప్పాలి.

"వేళ్ళు బాగున్నాయి. మనిషి ఎలాంటిదో మూడు రోజులు చూస్తాను. అందాకా మా ఇంట్లో అతిథిగా ఉండు" అంది మాసినా.

మొదటి రోజు వరహాలు చాపల ఇంట్లోకి వెళ్ళింది. అందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. ఈవిడ నిటారుగా, పైట ఊపుకుంటూ, వాళ్ళ ముందు నుంచి చకచకా అవతలికి నడిచిపోయింది. అప్పుడు లోసా ఆవిడ కొంగు పట్టి లాగింది.

"కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు నడుం వంచాలండీ. 'తులో' అనాలి. అడ్డం వస్తున్నాను, ఏమీ అనుకోకండి అని."

"ముందే చెప్పొద్దూ!" అని వరహాలు మళ్ళీ మొదటికి వెళ్ళింది. నడుం వంచి, పది మందికీ పది తులోలు చెప్పుకుంటూ నడిచింది. పదో తులో దగ్గర నడుం పట్టేసి, లేవలేక అలాగే ఉండిపోయింది. ఆడవాళ్ళు ఆకులు వదిలేసి ఒకటే నవ్వు. ఇద్దరు వచ్చి పైకి లేపారు. మాసినా మాత్రం నవ్వలేదు.

రెండో రోజు వరహాలు స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. లేసు అల్లేటప్పుడు అలాగే కూర్చోవడం అలవాటు కదా. ఆవిడ అరికాళ్ళు సరిగ్గా మాసినా మొహానికి ఎదురుగా ఉన్నాయి. అప్పుడు మాసినా లేచి, ఒక పాత చాపముక్క తెచ్చి, వరహాలు కాళ్ళ మీద మెల్లగా కప్పింది.

"చూశావా లోసా, నాకు చలేస్తుందని కప్పింది! ఎంత మంచి మనసు!" అంది వరహాలు.

"చలి కాదండీ. పెద్దవాళ్ళకి అరికాళ్ళు చూపించకూడదు. మడుచుకోలేనివాళ్ళకి అలా కప్పుతారు."

వరహాలు నాలిక్కరుచుకుని బాసింపట్టు వేసింది. సాయంత్రం దాకా విప్పలేదు. కాళ్ళకి తిమ్మిరెక్కి, రెండు కాళ్ళూ ఎవరివో అనుకుంది.

అవన్నీ చిన్న తప్పులు. అసలు తప్పు కంచం దగ్గర జరుగుతోంది. అది వరహాలుకి తెలీదు.

మాసినా ఇంట్లో మధ్యాహ్నం వంట చూడాలి నువ్వు! రాళ్ళు ఎర్రగా కాల్చి, వాటి మీద చామదుంపలు, సీమపనస కాయలు, చేపలు పేర్చి, అరిటాకులు కప్పి ఉడకబెడతారు. చామాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు పోసి పొట్లాలు కడతారు. అదంతా తెచ్చి వరహాలు ముందు పెట్టారు. ఇంట్లో ఒక్కరూ తినలేదు. ఈగలు వాలకుండా విసురుతూ చుట్టూ కూర్చున్నారు. వరహాలుకి వాళ్ళమ్మ ఏం నేర్పింది? ఇంకొకరింట్లో ఆకులో మెతుకు మిగిలిస్తే, వండినవాళ్ళ మొహం మీద కొట్టినట్టే అని. అందుకని ఆవిడ శుభ్రంగా అంతా తినేసింది. వేలితో కంచం తుడిచి మరీ చూపించింది.

రెండో రోజు ఇంకో నాలుగు దుంపలు ఎక్కువ పెట్టారు. వరహాలు అవీ తినేసింది. మూడో రోజు ఇంకో రెండు చేపలు పెట్టారు. వరహాలు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, మర్యాద కదా అని అవీ తినేసింది. తిని, పొట్ట పట్టుకుని, కొబ్బరిచెట్ల వైపు మెల్లగా నడిచింది.

అక్కడ లోసా అక్క కూతుళ్ళు, ఫెటూ, టాలా, ఆడుకుంటున్నారు. చిన్నది టాలాకి ఆరేళ్ళు. అది అరిటాకు ముందేసుకుని కూర్చుంది. ముక్కు మీద రెండు వేళ్ళు కళ్ళజోడులా పెట్టుకుంది. గబగబా తిన్నట్టు నటించింది. ఆ తర్వాత వేలితో ఆకంతా తుడిచి, నాకి, ఖాళీ ఆకు అక్కకి చూపించింది. అప్పుడు ఫెటూ పొట్ట చేత్తో పట్టుకుని, "అయ్యో" అన్నట్టు ఇసకలో పడి దొర్లింది.

వరహాలుకి మొదట నవ్వొచ్చింది. అచ్చం తనలాగే ఉంది మరి! కాని పెద్దపిల్ల పొట్ట ఎందుకు పట్టుకుంది? వాళ్ళ పక్కన చూస్తే కొరికి పడేసిన పచ్చికొబ్బరి ముక్కలున్నాయి. అవెందుకు? వరహాలు వెళ్ళి లోసాని నిలదీసింది. లోసా నీళ్ళు నమిలింది.

"మా దగ్గర ముందు అతిథి తింటారండీ. అతిథి మిగిల్చింది పెద్దవాళ్ళు తింటారు. వాళ్ళు మిగిల్చింది పిల్లలు తింటారు."

"నేనేమీ మిగల్చలేదే!"

"లేదండీ" అంది లోసా.

ముందే ఎందుకు చెప్పలేదంటావా? నడక గురించి చెప్పొచ్చు, కాళ్ళ గురించి చెప్పొచ్చు. ఇంటికొచ్చినవాళ్ళని తక్కువ తినమని ఎలా చెబుతాం? నువ్వు చెబుతావా? చెప్పవు కదా. ఊఁ.

అప్పుడు వరహాలు తిన్నగా చాపల ఇంటికి వెళ్ళింది. నడుం వంచి, తులో అని, కాళ్ళు మడుచుకుని మాసినా ముందు కూర్చుంది.

"అమ్మా, మూడు రోజులుగా మీ పిల్లల తిండి నేను తినేశాను. మా ఊళ్ళో మిగల్చడం తప్పు. ఇక్కడ మిగల్చకపోవడం తప్పని తెలీలేదు."

మాసినా చేతిలో ఆకు ఆగింది. "మేము ఇంకోటి అనుకున్నాం. పాపం, వాళ్ళ దేశంలో కరువేమో అనుకున్నాం. అందుకే ఇంకో నాలుగు దుంపలు వేశాం. అవీ లేవు!"

"బక్కప్రాణం, అంత తిండీ ఎక్కడ పెట్టుకుందో అని మేమంతా అనుకున్నాం" అంది వెనక నుంచి ఒకావిడ. ఇల్లంతా నవ్వులు. వరహాలూ నవ్వింది. నవ్వితే పొట్ట నొప్పెట్టింది.

"మరి దీన్ని ఎలా దిద్దుకోను?" అంది.

"అతిథికి తప్పూ లేదు, దిద్దుబాటూ లేదు. హాయిగా ఉండి వెళ్ళు."

వెళ్ళు! అంటే చాపల ఇంట్లో తనకి చోటు లేదన్నమాట. అతిథి అన్నాక బయటి మనిషే కదా. వరహాలు మాసినాకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఆ తర్వాత అంది, "అయితే నాకు అతిథి మర్యాద వద్దు. నాకూ పనివ్వండి. చివర్న పిల్లలతో పాటు తింటాను."

లోసా ఆ మాట వెంటనే మామ్మకి చెప్పలేదు. "బాగా ఆలోచించుకోండి. ఒకసారి వద్దన్నాక మళ్ళీ అతిథి కాలేరు. చాప నేర్పుతుందని కూడా లేదు. పడవ వచ్చేదాకా రాళ్ళు మొయ్యాలి."

"మోస్తాను. చెప్పు."

లోసా చెప్పింది. మాసినా తల కూడా ఎత్తలేదు. "అలాగైతే రేపు పెందలాడే లేవమను" అంది. చాప మాట ఎత్తనే లేదు.

నాలుగో రోజు వరహాలు మూడు పనులు చేసింది. మొదట రాళ్ళు కాల్చింది. కనుబొమ్మలు కాస్త కమిలాయి. ఆ తర్వాత చామాకుల పొట్లాలు కట్టింది. చేతులు దురదెక్కాయి. ఆ తర్వాత కొబ్బరి కోరింది. గోదారి మనిషికి కొబ్బరి కోరడం ఒకరు నేర్పాలా? మిగతా ఆడవాళ్ళు ఒక కాయ కోరేలోగా ఈవిడ రెండు కోరి పడేసింది. "అబ్బో!" అన్నారు వాళ్ళ భాషలో. అబ్బో అన్నారని మనకెలా తెలుసంటే, ఆ మాట ఏ భాషలో అన్నా మొహం ఒకేలా ఉంటుంది.

ఆ తర్వాత పెద్దవాళ్ళు తినడానికి కూర్చున్నారు. వరహాలు పక్కన కూర్చుని విసనకర్రతో ఈగల్ని తోలింది. కాలిన చేప వాసన ముక్కులోకి కొడుతోంది. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. మాసినా ఒక్కో దుంపా నమిలి నమిలి, ఎంత నెమ్మదిగా తిందంటే, వరహాలు విసనకర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకోవాల్సి వచ్చింది.

అందరూ లేచాక చివరి బంతి. వరహాలు, ఒకపక్క ఫెటూ, ఒకపక్క టాలా. మిగిలింది ఒక చేప, మూడు దుంపలు, ఒక పొట్లం. వరహాలు ఒక చిన్న దుంప మాత్రం తీసుకుని, మిగతాదంతా పిల్లల వైపు తోసింది. అప్పుడు టాలా మొహం చిట్లించింది. చేపని మూడు ముక్కలు చేసింది. పొట్లాన్ని మూడు ముద్దలు చేసింది. ఒక వాటా వరహాలు ముందు పెట్టి, తినమని మోచేత్తో పొడిచింది. ఇక మాటల్లేవు, ముగ్గురూ మూతులకి కొబ్బరిపాలు పూసుకుని తిన్నారు. మూడు రోజులు అంతంత తిన్నా అంత రుచిగా తినలేదు వరహాలు.

ఆ ఇంటికి గోడలు లేవని చెప్పానా? మాసినా చాపల ఇంట్లో కూర్చునే అదంతా చూసింది. చూసి, వరహాలుని చెయ్యి ఊపి పిలిచింది. వరహాలు వెళ్ళింది. మాసినా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, పక్కావిణ్ణి కూడా జరగమని, జానెడు చోటు చేసింది.

"కూర్చో" అంది. "కాళ్ళు మాత్రం జాగ్రత్త."

వరహాలు కూర్చుని మొదటి వరస నేసింది. మాసినా ఊడదీసింది. రెండో సారి నేసింది. మాసినా అదీ ఊడదీసింది. మూడోసారి నేసింది. మాసినా వేలితో నొక్కి చూసింది, వెలుగుకి పెట్టి చూసింది, ఏమీ అనకుండా తన పనిలో తను పడింది. అప్పుడు లోసా వరహాలు చెవిలో, "ఏమీ అనలేదంటే బాగుందనండీ!" అంది. వరహాలు ఆనందం పట్టలేక కాళ్ళు చాపేసింది. పది చేతులు ఒక్కసారే వచ్చి ఆవిడ కాళ్ళ మీద చాపలు కప్పేశాయి.

రోజూ రాళ్ళు, కొబ్బరి, చివరి బంతి, ఆ తర్వాత చాప. పన్నెండో రోజుకి వరహాలు నేసింది సరిగ్గా ఒక జానెడు. పడవ రానే వచ్చింది. ఆడవాళ్ళందరూ రేవుకి వచ్చి పాడారు. టాలా కొంగు వదలనంది.

పడవవాడు లోసా చేత అడిగించాడు, "ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్తున్నావేంటమ్మా?"

"నా జానెడు అక్కడే ఉందయ్యా. దాని మీద వాళ్ళు ఇంకా నేస్తారు. టాలా పెళ్ళి నాటికి పూర్తవుతుంది" అంది వరహాలు. ఆకులు కోసుకున్న వేళ్ళు పైకెత్తి ఒడ్డుకేసి ఊపింది.

జానెడేనా అంటావేం? నువ్వు నెయ్యి చూద్దాం! సరే, ఇక పక్కకి తిరుగు.

కథేమో కంచికి,
పడవేమో రేవుకి,
వరహాలు ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి.