తెర వెనక నాడి

హర్మలకి గురువుగారి మీద ఒకటే ఫిర్యాదు. ఎవరికి జబ్బు ఎక్కువైతే వాళ్ళ నాడే ముందు చూస్తారు. వాళ్ళెవరని అడగరు.

సిరియాలోని హిమ్స్ పట్టణం రోము చక్రవర్తి చేతిలోంచి అరబ్బుల చేతికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. హర్మల తండ్రి హుదైజ్ అక్కడి అరబ్బు దండుకి నాయకుడు. వైద్యం నేర్చుకోమని కొడుకుని సెర్గిస్ అనే ముసలి క్రైస్తవ సన్యాసి దగ్గర పెట్టాడు.

హర్మల తెలివైనవాడే. కాకపోతే, అరబ్బు రౌతు ఒక్కసారి దగ్గితే చాలు, వైద్యశాల లోపలికి పిలిచేవాడు. క్రైస్తవుడు మూలుగుతూ వచ్చినా గుమ్మం బయటే కూర్చోబెట్టేవాడు.

"ఇదేం పద్ధతి నాయనా?" అన్నాడు సెర్గిస్.

"గెలిచినవాళ్ళం గురువుగారూ. మా నెత్తురే వేరు. మొహం చూడక్కర్లేదు, నాడి పట్టుకుంటే చెప్పేస్తాను, ఎవరు మావాళ్ళో, ఎవరు ఓడినవాళ్ళో!"

సెర్గిస్ గడ్డం నిమురుకున్నాడు. "అలాగా? ఇన్నేళ్ళయినా నాకు ఆ విద్య రాలేదు."

మర్నాడు పొద్దున హర్మల లోపల మందు నూరుతుంటే గురువు పిలిచాడు. ఆడవాళ్ళ నాడి చూడటానికి కట్టిన తెర వెనక ఇద్దరు రోగులున్నారు. పల్చటి గుడ్డ కప్పిన రెండు చేతులు మాత్రం ఇవతలికి వచ్చాయి.

మొదటిది పట్టుకోగానే హర్మల మొహం వెలిగింది. "గుర్రం దౌడు! మావాడే, సందేహం లేదు."

రెండోది పట్టుకుని పెదవి విరిచాడు. "అసలు దొరకడమే లేదు. పిరికి నాడి. కోట వదిలి పారిపోయిన రోమీ ఎవడో!"

సెర్గిస్ తెర తీశాడు.

మొదటి చెయ్యి తాపీమేస్త్రీ బర్సోమాది. క్రైస్తవుడు. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. రెండోది హుదైజ్‌ది.

హర్మల తండ్రి చెయ్యి చటుక్కున వదిలేశాడు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే హుదైజ్ ఏం చేసేవాడో ఊరందరికీ తెలుసు.

హుదైజ్ కొడుకుని ఎగాదిగా చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పెట్టి మూలిగాడు, మళ్ళీ నవ్వాడు.

"నిజమేరా! నిన్న అంజూరాల మీద దండెత్తాను. అప్పట్నుంచీ వాంతులు. చిత్తుగా ఓడిపోయాను."

అంత జ్వరంలోనూ బర్సోమాకి నవ్వాగలేదు.

"ఇంకా చూస్తావేం? మందియ్యి," అంటూ హుదైజ్ చెయ్యి చాపాడు.

హర్మల ఆ చేతి వంక చూశాడు. బర్సోమా మొహం వంక చూశాడు. కుండలో గుడ్డ తడిపి, పిండి, బర్సోమా నుదుటి మీద వేశాడు.

"ఈయనకి జ్వరం మరీ ఎక్కువగా ఉంది నాన్నా. మీరు కాస్త కూర్చోండి."

సెర్గిస్ ఓ పీట తెచ్చి దండనాయకుడికి వేశాడు.