కోటిలింగం గారి గొంతు

తెనాలిలో ఖాదర్ మాస్టారు ఏ ఆంప్లిఫయర్ కట్టినా ముందు పవర్ సప్లై కట్టేవారు. అదీ లెక్కకు రెండింతలు. శబ్దాన్ని పెంచే గాజు గొట్టాలు, అంటే వాల్వులకు ఎంత కరెంటు కావాలో కాగితం మీద వేసుకుని, దాని కింద గీత గీసి, ఆ అంకెను పక్కన పెట్టేసేవారు. తర్వాత ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి ఇనప పెట్టెలో బిగించేవారు. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో ఆ బరువులు ఆయన నడుము విరిచేశాయి. అయినా అలవాటు మానలేదు.

ఆయన దగ్గర సుభాషిణి గారనే ఆవిడ పని నేర్చుకునేవారు. గుంటూరులో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు. వాల్వు ఆంప్లిఫయర్ల విద్య పుస్తకాల్లో అరకొరగా మాత్రమే మిగిలిందని ఆదివారాలు తెనాలి వచ్చేవారు. ఒక మే నెల మధ్యాహ్నం ఆ పెట్టెను మాస్టారితో కలిసి మూడోసారి ఎత్తి బల్ల మీద దించి, చెమట తుడుచుకుంటూ ఆవిడ అడిగారు.

"మాస్టారూ, మీటరు పెట్టి చూశాను. ఇందులో సగం సైజు ట్రాన్స్‌ఫార్మర్ వేసినా సరిపోతుంది. శబ్దం ఇచ్చేది అవుట్‌పుట్ వాల్వులు కదా. వెనకాల ఇంత బరువెందుకండీ?"

ఆవిడ లెక్క తప్పని మాస్టారు అనలేదు. స్టూలు మీద కూలబడి, కాసేపు ఊపిరి తీసుకుని, ఒక మనిషి సంగతి చెప్పారు. సుభాషిణి గారి నోట నేను విన్నది ఇది.

అప్పటికి మాస్టారికి ఇరవై ఆరేళ్లు. ఊళ్లో అందరికీ వట్టి ఖాదరు. మైకు సెట్లు ఎడ్లబండి మీద వెళ్లే రోజుల్లో, ఒంటి చేత్తో పట్టుకుని బస్సెక్కగల సెట్టు తయారు చేశానని అతనికి గర్వంగా ఉండేది. అంత తేలిక చేయడానికి తగ్గించింది పవర్ సప్లైనే. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేశాడు, చిన్న కండెన్సరు వేశాడు. ఉపన్యాసాలకూ పెళ్లి రికార్డులకూ ఆ సెట్టు ఏ లోటూ చేయలేదు.

ఆ వేసవిలో పొన్నూరు దగ్గర ఒక ఊళ్లో పద్యనాటకాల పోటీలు పెట్టారు. ఖాళీ పొగాకు గోడౌనులో, పట్టపగలు. మైకు ఖాదరుది. మొదటి ఆటలో రాజు వేషం చేబ్రోలుకు చెందిన దొప్పలపూడి కోటిలింగం గారిది. యాభై ఏళ్ల మనిషి. పద్యం చివర ఆయన తీసే రాగం కోసమే జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు.

మొదటి పద్యానికే రాగం బూర స్పీకర్లలో నిండుగా లేచి, రెండు క్షణాల్లో కుంగిపోయింది. మామూలు మాటలైతే మధ్యమధ్య ఆగుతాయి, ఆ కాస్త వ్యవధిలో సప్లై తేరుకుంటుంది. అంత పెద్ద గొంతు ఆగకుండా సాగేసరికి వాల్వులు అడిగిన కరెంటు ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వలేకపోయింది. ఖాదరు ఎదురుగా మీటరు ఉంది. నాలుగు వందల వోల్టుల దగ్గర నిలవాల్సిన ముల్లు రాగం తీసినప్పుడల్లా మూడు వందల ఇరవైకి జారుతోంది. ఏం జరుగుతోందో అతనికి అప్పుడే అర్థమైంది.

కోటిలింగం గారికి మాత్రం కుంగుతున్నది తన గొంతే అనిపించింది. కుంగిన చోట ఇంకా గట్టిగా పట్టారు. గట్టిగా పట్టేకొద్దీ బూరల్లో జీర ఎక్కువైంది. మూడో అంకానికి మెడ నరాలు తేలి, పద్యం నడుమ దగ్గు తెర వచ్చి ఆగిపోయారు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆయన సభకు దణ్ణం పెట్టి, "మన్నించాలి. ఈ పూట గొంతు నా మాట వినడం లేదు" అన్నారు. మిగిలిన పద్యాలు రాగం లేకుండా చదివి ముగించారు.

ఆట అయ్యాక ముఖాన రంగుతోనే ఖాదరు దగ్గరికి వచ్చారు. "నీ సెట్టు బాగుంది అబ్బాయ్. నా పనే అయిపోయింది" అన్నారు. పక్కన పోటీలు పెట్టిన పెద్దలున్నారు. వేరే మైకు సెట్ల వాళ్లు ఇద్దరు చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. ఖాదరు వైరు చుట్టుకుంటూ తల ఊపాడు.

తర్వాత అతను సెట్టు మార్చాడు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి బిగించాడు. దాని ముందు ఎందరో పాడారు గాని, కోటిలింగం గారు రాలేదు. ఆయన మిరియాల కషాయాలు తాగుతూ నెలల తరబడి మౌనం పట్టారని ఒకరు చెప్పారు. రాజు వేషం శిష్యుడికి ఇచ్చేసి, రెండు మాటలుండే భటుడి వేషం కడుతున్నారని ఇంకొకరు. చివరికి అదీ మానేశారని తెలిసింది. విన్నప్పుడల్లా ఈ శుక్రవారం చేబ్రోలు వెళ్లాలనుకునేవాడు. చెప్పాల్సింది ఒక్క మాట. ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని నోటికి తెచ్చుకోవడం మరీ కష్టమైంది.

పదకొండేళ్లకు వెళ్లాడు. కోటిలింగం గారు వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఖాదరు నిలబడే చెప్పేశాడు. "ఆ రోజు కుంగింది మీ గొంతు కాదండీ. నా సెట్టులో పవర్ సప్లై. నాకు అప్పుడే తెలుసు."

ఆయన చేయి ఆగింది. "అయితే ఆ రోజు నా గొంతు బాగానే ఉందా?" అని అడిగారు. ఉందన్నాడు ఖాదరు. మళ్లీ అదే అడిగారు. మళ్లీ ఉందన్నాడు. అప్పుడాయన ఇంట్లోకి తిరిగి భార్యను పిలిచారు.

"నాగరత్నం, విన్నావా. ఆ రోజు నా గొంతు బాగానే ఉందంట."

ఆవిడ గుమ్మం దాకా వచ్చి, ఖాదరు వంక చూసి లోపలికి వెళ్లింది. కాసేపటికి కాఫీ తెచ్చి అతని ముందు పెట్టింది. కోటిలింగం గారు గొంతు సవరించుకుని పద్యం ఒకటి ఎత్తుకోబోయారు. మొదటి పాదం దాటలేదు. "ఇన్నేళ్లు పలకరించలేదు కదా, అలిగింది" అని చింతపండు చేట దగ్గరికి లాక్కున్నారు. ఒక్క మాట కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని మాస్టారు ఇప్పటికీ అనుకుంటారట.

చెప్పడం అయిపోయింది. సుభాషిణి గారు బల్ల మీది పెట్టె వైపు చూసి, "అందుకా మాస్టారూ, సప్లై ఇంత పెద్దది కడతారు" అన్నారు.

మాస్టారు నడుము పట్టుకుని మెల్లగా లేచారు.

"ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి నెల కూడా పట్టలేదమ్మా నాకు. ఆ ఒక్క మాటకే పదకొండేళ్లు" అన్నారు.