అందరికీ సరిపడిన బండి

పూర్వం ఒక సీమలో భైరవనాయకుడనే ఠాణేదారు ఉండేవాడు. ఎవరింట కొత్త బండి కనబడినా వెట్టికి తోలుకుపోయేవాడు. తన ఎదుట ఎవరూ తనకంటే ఎత్తులో ఉండరాదన్నది ఆయన పట్టింపు.

కుమ్మరి పోలమ్మ ఇదివరకటి బండి కొన్నప్పుడే అలా పోయింది. కుండలు సంతకు చేరక ఇల్లు గడవడం కష్టమైంది. కొత్త బండి మాట ఎత్తగానే అత్త, "నా మోకాళ్లు లేవవే తల్లీ, నేల మీంచే ఎక్కేలా ఉండాలి" అంది. భర్త చెంచయ్య, "కుండల మీదుగా దారి కనబడాలి, నా పీట ఎత్తుగా ఉండాలి" అన్నాడు. పోలమ్మ వెనక తొట్టి నేలకు ఆనేంత కిందికి, ముందు తోలేవాడి పీట బాగా ఎత్తుగా, ఇద్దరికీ సరిపడేలా చేయించింది.

బండి వచ్చిన రోజే ఠాణేదారు వాకిట్లో దిగాడు. "మా ఊరేగింపుకు ఇది కావాలి."

పోలమ్మ, "చిత్తం దొరా! ఎక్కి చూడండి" అంది.

ఆయన తొట్టిలో దర్జాగా కూర్చున్నాడు. చెంచయ్య పీట ఎక్కేసరికి ఆయన తలపాగా అతని నడుము దగ్గర ఆగింది.

"వీణ్ణి నడిచి తోలమను!"

"తోలుతాడు దొరా. కానీ వీధిలో నిలబడ్డవాళ్లంతా తమకంటే ఎత్తే కదా!"

"ఇదేం బండే?"

"మా ఇంట్లోవాళ్లకు సరిపడేలా చేయించాను దొరా. తమరూ ఎక్కుతారనుకోలేదు."

ఠాణేదారు దిగి, తన గుర్రమెక్కి వెళ్లిపోయాడు. అత్త నేల మీంచే బండిలోకి జరిగి, హాయిగా కాళ్లు చాపుకుంది.