కిందికి దిగిన రెండు

మా సీతన్నపాలెంలో బుర్రున్న ఇల్లేది అని ఎవరైనా అడిగితే ముందు చెయ్యెత్తేది పెయింటరు పైడయ్య ఇల్లే. అడక్కపోయినా ఎత్తుతారు. పైడయ్యకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గవరయ్య, చిన్నవాడు తవుడు. గవరయ్య పెళ్ళాం నూకాలు. నలుగురికీ పని ఒకటే, గోడల మీద అక్షరాలు రాయడం. ఆ రాత చూసి తీరాలి, ముత్యాలే. చెప్పింది చెప్పినట్టు రాయడమే మా ఇంటి తెలివి, సొంత బుర్ర వాడి ఒక్క చుక్క కూడా పెట్టం అని పైడయ్య మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. నిజమే పాపం, సొంత బుర్ర వాడినట్టు ఎక్కడా దాఖలా లేదు. టీకొట్టాయన ఒకసారి 'వేడి టీ దొరుకును అని కాస్త అందంగా రాయండి' అంటే, 'వేడి టీ దొరుకును అని కాస్త అందంగా రాయండి' అనే రాశారు. అందంగానే రాశారు.

అలాంటి ఇంటికీ కష్టం వచ్చింది. ఫ్లెక్సీలు వచ్చాయి. పెళ్ళికి ఫ్లెక్సీ, పుట్టినరోజుకి ఫ్లెక్సీ, ఆఖరికి మేక తప్పిపోయినా ఫ్లెక్సీ. ఏడాదిగా పైడయ్య ఇంట్లో రంగు డబ్బాలు గడ్డకట్టి కూర్చున్నాయి. వీళ్ళని చూసి మనసు కరిగింది ఒక్క హైమావతి టీచరుకే. ఆవిడ మా హైస్కూల్లో సైన్సు చెబుతుంది. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ బడుల్లో సైన్సు గోడలు తయారు చేయించాలని పైనుంచి ఉత్తర్వు వస్తే, ఆవిడ ఆఫీసరు దగ్గర పట్టుబట్టింది. ముందు మా బడిలో ఒక గోడ పైడయ్య వాళ్ళ చేత రాయిస్తాను, శుక్రవారం వచ్చి చూడండి, నచ్చితే పన్నెండు బడులూ వాళ్ళకే ఇవ్వండి, నచ్చకపోతే మీ ఫ్లెక్సీలే కట్టుకోండి అంది. ఆఫీసరు సరేనన్నాడు.

ఆ పూట పైడయ్య ఇంట్లో గారెలు వండారు. పన్నెండు బడులంటే ఏడాది పొడుగునా పని, మళ్ళీ మన బ్రష్షులు తడుస్తాయి అంటూ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

చిక్కెక్కడ వచ్చిందంటే, అదే వారం టీచరుకి పట్నంలో ట్రైనింగు పడింది. పైడయ్య ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. దాంట్లోకి బొమ్మలు రావు, ఉత్త అక్షరాలే వస్తాయి. అవి కూడా అన్నీ ఒకే సైజులో, ఒకే వరసలో నిలబడతాయి. ఒక అంకెని చిన్నది చేసి కింద పెట్టాలన్నా, పైన కూర్చోబెట్టాలన్నా ఆ ఫోనులో కుదరదు. అందుకని ఆవిడ గుర్తులు పెట్టి పంపింది. H_2O, CO_2, NH_3, CH_4, అలా CaCO_3 దాకా. ఆ తర్వాత a^2, b^2, అలా 10^3 దాకా. పంపాక ఫోను చేసి విడమర్చి చెప్పింది. కింద అడ్డగీత కనబడితే గీతని రాయకూడదట, దాని తర్వాతది కిందికి దించి చిన్నగా రాయాలట. గొడుగులాంటి గుర్తు కనబడితే గొడుగుని రాయకూడదట, దాని తర్వాతది పైకెక్కించి చిన్నగా రాయాలట. పైడయ్య మూడుసార్లు అప్పజెప్పాడు. ఒక్క ముక్క పొల్లు పోలేదు. ఇంకేముంది, పని మొదలైంది.

గవరయ్య మూరెడు H రాశాడు. గీత వచ్చింది. 2ని కిందికి దించి చిన్నగా రాశాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత O వచ్చింది. దాన్ని పైన, H వరసలో రాయబోతుంటే తవుడు చెయ్యి పట్టుకున్నాడు.

"టీచరమ్మ దిగమన్నాది. మళ్ళీ ఎక్కమన్నాదేటి?"

గవరయ్య ఆలోచించాడు. "అన్లేదు."

"మళ్ళీ పెద్దగా రాయమన్నాదేటి?"

"అదీ అన్లేదురా."

"మరి నీ సొంత బుర్ర ఎందుకు దూరుస్తన్నావు?"

గవరయ్య సిగ్గుపడిపోయాడు. అంతే, O కూడా 2 పక్కనే, కిందనే, చిన్నగానే కూర్చుంది. CO అక్కడినుంచే మొదలై, దాని 2 ఇంకో మెట్టు దిగి ఇంకా చిక్కిపోయింది. NH ఆ మెట్టు మీద నిలబడితే దాని 3 మరో మెట్టు దిగింది. అలా అక్షరాలు దిగుతూ దిగుతూ కందిగింజలయ్యాయి, కందిగింజలు ఆవగింజలయ్యాయి. బ్రష్షు లావైపోయింది. నూకాలు చీపురుపుల్ల తెచ్చింది. అదీ లావైపోయింది. తన జడలోంచి నాలుగు వెంట్రుకలు పీకి పుల్లకి కట్టి ఇచ్చింది. కోడలంటే ఇలా ఉండాలి అని పైడయ్య పొంగిపోయాడు.

CaCO_3 దగ్గరికి వచ్చేసరికి నేల తగిలింది. దిగడానికి గోడ లేదు, గీత మాత్రం ఉంది. నలుగురూ చతికిలబడి ఆలోచించారు. గోడ అయిపోలేదు, నేల కింద పునాది ఉంటుంది కదా, అదీ గోడేగా అన్నాడు తవుడు. ఇంకేముంది, గునపం వచ్చింది. గచ్చు పగలగొట్టి మోకాలి లోతు గొయ్యి తవ్వారు. పునాది రాయి కడిగి సున్నం వేశారు. గవరయ్య తల గోతిలో పెట్టి, కాళ్ళు పైకి పెడితే, తవుడు ఆ కాళ్ళు పట్టుకున్నాడు. 3 దిగింది.

ఇప్పుడు గొడుగు గుర్తుల వంతు. పైకెక్కాలి. అంకెలు గోతిలోంచి బయటికొచ్చి గోడెక్కడం మొదలెట్టాయి. ఎక్కినకొద్దీ ఇంకా ఇంకా చిన్నవయ్యాయి. మరి ఎక్కించినా చిన్నగానే రాయమంది కదా టీచరు. ఆఖరి అంకెకి ఒక్క వెంట్రుక కొస కూడా లావైంది. నూకాలు ఆ కొసని రంగులో ముంచకుండా, రంగుకి దగ్గరగా తీసుకెళ్ళి, వాసన చూపించి ఇచ్చింది. తవుడు ఊపిరి బిగబట్టి రాశాడు. ఎవరికీ ఏమీ కనబడలేదు. కనబడలేదంటే అంత చక్కగా చిన్నగా వచ్చిందన్నమాట అని పైడయ్య తేల్చేశాడు.

సాయంత్రం టీచరు ఫోను చేసింది. అంకెలు కిందికి దిగాయా అంటే, బాగా దిగాయన్నాడు పైడయ్య. పైవి ఎక్కాయా అంటే ఎక్కాయన్నాడు. చిన్నగా రాశారా అంటే, అంత చిన్నగా ఎవరూ రాసి ఉండరన్నాడు. ఆవిడ కుదుటపడి, గోడ అద్భుతంగా వచ్చిందని ఆఫీసరుకి కబురు చేసింది.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు. గోడ మీద మూరెడు H ఉంది. అంతే. మిగతాదంతా ఎవరో మిరియాలపొడి చల్లినట్టుంది. దగ్గరికెళ్ళి చూద్దామని ఆఫీసరు అడుగు ముందుకేసి గోతిలో కూలబడ్డాడు. ఆఖరి మెట్టు సరిగ్గా మీ ముందే ఉంది బాబూ అంటూ పైడయ్య సైన్సు గదిలోని భూతద్దం తీసి చేతికిచ్చాడు.

టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మాట పోయింది, వీళ్ళ ఏడాది పని పోయింది. ఇలా ఎందుకు చేశారని అడిగింది. ఆ మొహం చూసి పైడయ్యకి కూడా భయం పట్టుకుంది.

"దిగమన్నారు, దిగినాం. ఎక్కమన్నారు, ఎక్కినాం. ఆగమని ఎక్కడా సెప్పలేదు తల్లీ. తప్పయితే ఈ గోడ వందసార్లు తుడిసి రాసిస్తాం. పని మాత్రం తీసీకండి."

టీచరుకి ఏడుపొచ్చింది. తప్పు వాళ్ళది కాదు, ఎక్కడ ఆగాలో చెప్పడం నేనే మర్చిపోయాను అని ఆఫీసరుతో ఉన్నమాట చెప్పేసింది. ఆఫీసరు మాత్రం గోతిలోనే కూర్చుని భూతద్దంలోంచి పునాది రాయిని చూస్తున్నాడు. ఆవగింజంత అక్షరం, అయినా ఎక్కడా వంకర లేదు, ఎక్కడా చెదరలేదు. ఈ చెయ్యి ఏ మిషనుకీ రాదండీ అంటూ లేచి దుమ్ము దులుపుకున్నాడు. గుర్తు తర్వాత ఉన్న ఒక్క అంకే కదలాలి, దాని తర్వాతది మళ్ళీ వరసలోకి వచ్చేయాలి, మళ్ళీ మామూలు సైజు అయిపోవాలి అని పక్కన నిలబడి చెప్పాడు. మధ్యాహ్నానికల్లా గోడ తయారైంది. H₂O చూస్తే దాహం వేసేలా ఉంది. a² మీద అంకె కొమ్మ మీద పిట్టలా ఒదిగి కూర్చుంది. పన్నెండు బడులూ వీళ్ళకే అని ఆఫీసరు అక్కడే కాగితం రాసిచ్చాడు. పైడయ్య ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. టీచరు కూడా పట్టలేని సంతోషంతో నూకాలు చేతులు పట్టుకుంది.

ఆఫీసరు ఊరికే వెళ్ళకుండా, జీపెక్కుతూ ఒక్క మాట అన్నాడు.

"ఈసారి వెంట్రుకలతో గీకకండి. ఒక్కో అక్షరం గోడ నిండుగా కనబడాలి."

అంతే.

పదిహేనో రోజున పన్నెండు బడులూ అయిపోయాయని కబురొచ్చింది. ఏడాది పని పదిహేను రోజుల్లో ఎలా అయిందో అర్థంకాక టీచరు బస్సెక్కి బయల్దేరింది. మొదటి ఊళ్ళో బడి గోడ మీద, నేల నుంచి చూరు దాకా, ఒకటే H. రెండో ఊళ్ళో గోడంతా తెల్లటి సున్నం. దాని అడుగున, వంగి చూస్తే, చిన్న 2. మూడో ఊళ్ళో గోడని మింగేసిన O. దాని మధ్యలో కిటికీ, కిటికీలోంచి బిత్తరపోయి చూస్తున్న హెడ్మాస్టరు. ఆవిడ మళ్ళీ బస్సెక్కింది. నాలుగో ఊళ్ళో C, అయిదో ఊళ్ళో O, ఆరో ఊళ్ళో మళ్ళీ సున్నం, అడుగున 2. అలా నీళ్ళకి మూడు ఊళ్ళు, కార్బన్ డయాక్సైడుకి మూడు ఊళ్ళు, అమ్మోనియాకి మూడు, మీథేనుకి మూడు. పన్నెండు బడులకి పన్నెండే అక్షరాలు సరిపోయాయి.

పన్నెండో ఊళ్ళో, గోడ అడుగున చిన్న 4 పక్కన రంగు తుడుస్తూ దొరికాడు పైడయ్య. టీచరుని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎక్కడా పొల్లు పోలేదు టీచరమ్మా. రెండో ఊళ్ళో 2 ఒక్కటే దిగింది. మూడో ఊరికి O మళ్ళీ వరసలోకి వొచ్చీసింది. కాపోతే ఆ రెండూళ్ళ మధ్య రోడ్డు మలుపు తిరుగుతాది. అక్కడ అక్షరాలు కొంచెం వంకరగా కనబడితే మమ్మల్ననకండి, అది రోడ్డేసినోళ్ళ తప్పు."